ముప్పై ఎనిమిదో అధ్యాయంలో కింద రాసిన మాట

మొదట చెప్పాల్సింది మొదటే చెబుతాను. నా మెడ మీది గడ్డ మాత్రలతో కరిగింది. రోజుకు నాలుగు చొప్పున, నూట అరవై ఎనిమిది రోజులు వేసుకున్నాను. ఆ రోజులన్నిట్లో ప్రార్థన కూడా చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. మాత్రల మాట కొట్టేయమని కొందరు అడిగారు, ప్రార్థన మాట కొట్టేయమని ఇంకొకరు అడిగారు. నేను దేన్నీ కొట్టేయను. నాలాంటి గడ్డో, దగ్గో, జ్వరమో పెట్టుకుని, చేతిలో బైబిలుతో, ఎటు పోవాలో తెలియక కూర్చున్నవాళ్లు ఎక్కడో ఉంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు రత్నం. యాభై రెండేళ్లు. మెట్టుగూడలో ఉంటాం, నేనూ నా భార్య సుగుణ. రెజిమెంటల్ బజార్‌లో ఇనుప రాడ్లు అమ్మే కొట్టులో లెక్కలు కట్టడం నా పని. మేస్త్రీలు ఇంటి ప్లాను పట్టుకొస్తే, స్లాబుకు ఏ సైజు రాడ్లు ఎన్ని పడతాయో, ఎక్కడ కోయాలో, ఎక్కడ వంచాలో చిట్టీ రాసిస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది. ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. పాత ప్లాన్లు ముందేసుకుని, లేస్తున్న ఇళ్లకు వెళ్లి టేపుతో కొలుచుకుని నేర్చుకున్నాను. పై నుంచి కిందికి కూడినదాన్ని మళ్లీ కింద నుంచి పైకి కూడతాను. రెండూ కలిస్తేనే కాగితం చేతికిస్తాను. ఈ అలవాటే నన్ను చిక్కుల్లో పడేసింది. బయట పడేసింది కూడా ఇదే.

జనవరి

మా చర్చిలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు పెడతారు. పళ్లెంలో కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీది వచనం ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట. కొందరు దాన్ని తలుపుకు అంటిస్తారు, కొందరు బైబిల్లో దాచుకుంటారు.

అప్పటికే నా మెడ ఎడమవైపు చిన్న గడ్డ ఉంది. డిసెంబరులో గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. బెల్టుకు రెండు కన్నాలు కొత్తగా పొడిచాను. సుగుణకు కనిపిస్తూనే ఉంది కానీ పండగ దాటనీ అని ఇద్దరం ఊరుకున్నాం.

నాకొచ్చిన కార్డు మీద హిజ్కియా రాజుకు దేవుడిచ్చిన మాట ఉంది. చావబోతున్న ఆ రాజు ఏడిస్తే, నీ ఆయుష్షుకు ఇంకో పదిహేనేళ్లు కలుపుతున్నానని దేవుడు చెప్పిన వచనం. సుగుణ దాన్ని చదివి కళ్లకద్దుకుంది. ఇంటికొచ్చి, ఆ వచనం చుట్టూ ఏముందో చూద్దామని బైబిలు తెరిచింది. కార్డు కింద 'యెషయా 38:1' అని ఉంది. ఆ మొదటి వచనం తీసి చదివింది. చదివి మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు అని ఉన్నది" అంది.

నేను తీసుకుని చూశాను. పదిహేనేళ్ల మాట ఐదో వచనంలో ఉంది. మొదటి వచనంలో ఉన్నది చావు కబురు. కార్డు మీద అచ్చేసిన మాట ఐదోది, అంకె మొదటిది.

"ప్రెస్సోడు తప్పేసిండు సుగుణా. అయిదు కొట్టబోయి ఒకటి కొట్టిండు. అంతే."

"ఇన్ని వందల కార్డులల్ల ఆ తప్పు కార్డు నీకే ఎందుకొచ్చింది?"

ఎవరో ఒకరికి రావాలి కదా అన్నాను. ఆ జవాబు ఆమెకు ఆనలేదు. నాకూ ఆనలేదు.

మరుసటి ఆదివారం ఆమె కార్డు తీసుకెళ్లి అయ్యగారికి చూపించింది. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే అంటాం. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. మా పెళ్లి జరిపించింది, మా అమ్మను సమాధి చేసింది ఆయనే. చెడ్డ మనిషి కాదు. ఈ ముక్క ముందే రాయకపోతే తర్వాత రాయబోయేది అన్యాయమవుతుంది.

"నంబరు తప్పు పడ్డట్టుంది అయ్యగారూ" అన్నాను.

ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. "దేవుని వాక్యంలో పొల్లు కూడా తప్పు పోదు బ్రదర్. మీ చేతికి పంపిన కార్డులో ఎలా పోతుంది? మొదటి వచనంలో చావు, ఐదో వచనంలో బతుకు. రెండూ మీ ముందు పెట్టాడు ప్రభువు. హిజ్కియా ఏం చేశాడు? గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. వైద్యుల చుట్టూ తిరగలేదు. మీరూ అలా నిలబడండి, చాలు."

సుగుణ తలూపింది. నేను సర్కారు దవాఖానకు పోయాను.

గడ్డలోకి సూది పెట్టి లోపలిది కాస్త తీసి పరీక్షకు పంపాలన్నారు. ఆ రోజు నా టోకెను నలభై ఏడు. నా ముందు నలభై ఆరుగురు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు వేసుకుంటే మూడు గంటల నాలుగు నిమిషాలు. పక్కన బొల్లారం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఎంతసేపు పడుతుందని అడిగితే ఈ లెక్క చెప్పాను.

"డాక్టరు టీకి పోయేది కలిపినవా బిడ్డా?"

"లేదమ్మా."

"ఫోన్ మాట్లాడేది?"

"లేదు."

"మరి నువ్వేం లెక్కలోడివి?" అని పళ్లు లేని నోటితో నవ్వింది. నాలుగున్నర గంటలు పట్టింది. సంచిలోంచి ఒక బన్ను తీసి సగం తుంచి నా చేతిలో పెట్టింది. సూదికి ముందు తినచ్చో లేదో తెలియక దాన్ని రెండు గంటలు చేతిలోనే పట్టుకున్నాను. మధ్యాహ్నం అయ్యగారు కూడా వచ్చారు, ఫ్లాస్కులో చాయ్ తెచ్చారు. దవాఖానకు పోవద్దన్న మనిషి, నేను పోయానని తెలిసి నా పక్కనే కూర్చున్నారు. సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నది ఆయనే.

ఫలితం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మా ఇంట్లో ఎవరూ క్యాన్సర్ అనే మాట అనలేదు. అననిదాని చుట్టూ తిరిగాం. సుగుణ నా చొక్కాలు ఇస్త్రీ చేసి, మడిచి, మళ్లీ విప్పి ఇస్త్రీ చేసేది.

టీబీ అన్నారు. మెడలో ఉన్న టీబీ, ఊపిరితిత్తుల్లో లేదు, ఇది పక్కవాళ్లకు అంటుకోదు. ఆరు నెలలు మాత్రలు, ఒక్కరోజు మానకూడదు. మందులిచ్చే గదిలో ఉండే సిస్టర్ వేలు చూపించి చెప్పింది: "తక్లీఫ్ తగ్గిందని మధ్యల ఆపిన్రనుకో, అది మొండికేస్తది. అప్పుడు ఈ గోలీలకు లొంగదు. యాది పెట్టుకోండ్రి."

మూడో రోజుకే సుగుణ అక్క వీడియో కాల్ చేసి, గ్లాసూ కంచం వేరు పెట్టమని చెప్పింది. సుగుణ, నేను సగం తాగి పెట్టిన నీళ్ల గ్లాసు తీసుకుని, ఫోనుకెదురుగా పట్టుకుని, మిగతా సగం గటగటా తాగింది. "ఇంకేమన్న చెప్పేదుందా అక్కా?" అంది.

ఫిబ్రవరి, మార్చి

ఫిబ్రవరి పదిన మొదటి నాలుగు మాత్రలు వేసుకున్నాను. ఉదయం పరగడుపునే, సుగుణ చేతిలోంచి. మూత్రం నారింజ రంగులో వస్తే అరిచినంత పని చేశాను. మందు రంగే అని సిస్టర్ ముందే చెప్పింది, నేనే మర్చిపోయాను. కడుపులో తిప్పేది, కాళ్లు పీకేవి. కొట్టుకు పోలేక నెలన్నర ఇంట్లోనే ఉన్నాను.

చేసేదేం లేక హిజ్కియా కథ మొదటి నుంచి చదివాను. ఆయనకు పదిహేనేళ్లు కలిశాయి కదా, మొత్తం ఎన్నేళ్లు బతికాడో చూద్దామని. రాజుల రెండో గ్రంథంలో అంకెలన్నీ ఉన్నాయి. క్యాలెండరు వెనక పెన్సిలుతో వేసుకుంటూ పోయాను. ఇరవై అయిదో ఏట రాజయ్యాడు, ఇరవై తొమ్మిదేళ్లు ఏలాడు. జబ్బు సంగతి ఆయన ఏలిన పద్నాలుగో ఏటి యుద్ధం పక్కనే వస్తుంది. పద్నాలుగుకు పదిహేను కలిపితే ఇరవై తొమ్మిది. కుదిరింది. ఎవరో మొత్తం సరిచూసి చిట్టీ ఇచ్చినంత సంతోషం కలిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కింద నుంచి పైకి కూడే అలవాటు కదా, తండ్రి లెక్క కూడా తీశాను. తండ్రి ఆహాజు. ఇరవయ్యో ఏట రాజయ్యాడు, పదహారేళ్లు ఏలి చనిపోయాడు. అంటే ముప్పై ఆరు. అప్పటికి కొడుక్కి ఇరవై అయిదు. ముప్పై ఆరులోంచి ఇరవై అయిదు తీస్తే పదకొండు.

తండ్రికి పదకొండేళ్లప్పుడు కొడుకు పుట్టాడు!

మూడుసార్లు తీశాను. పదకొండే వచ్చింది. నా పదిహేనేళ్లు ఈ కాగితం మీదే ఉన్నాయి. ఇక్కడ అంకె తప్పితే అక్కడ మాట తప్పదని నమ్మకమేంటి?

మా కొట్టులో సరుకు దింపే యాదగిరి అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వచ్చేవాడు. దవాఖానకు బండి మీద తీసుకెళ్లేది కూడా అతనే. దేవుడంటే గిట్టదు. వాళ్లింట్లో బోనాలకు కూడా గుడికి రానని తల్లితో కొట్లాడే రకం. నేనే నోరు జారి ఈ పదకొండు సంగతి చెప్పాను.

యాదగిరి మంచం మీద వెనక్కి పడి నవ్వాడు. "పదకొండేండ్లకు పిల్లగాడా! అన్నా, గా ఆహాజు అయిదో తరగతిల పెండ్లి చేసుకున్నడా ఏందీ?"

"నవ్వకు."

"నవ్వకుంటే ఏం చేయాలె? నువ్వు ఇంచుల ఒక్క సూత లెక్క తప్పినా చిట్టీ చింపి పారేస్తవు. గీ పుస్తకం మాత్రం ఎందుకు చింపవు?"

మాట నాకు గట్టిగా తగిలింది. ఆ వారమే అయ్యగారిని అడిగాను. ఆయన తడుముకోలేదు. "ఆ కాలంలో తండ్రీ కొడుకులు కొన్నేళ్లు కలిసి ఏలేవారు బ్రదర్. ఆ ఏళ్లు సర్దితే సరిపోతుంది."

"అట్లని అక్కడ రాసి ఉందా అయ్యగారూ?"

"రాసి లేకపోతేనేం? వాక్యంలో ఒక్క తప్పుందని ఒప్పుకున్నారంటే మొత్తం పోయినట్టే. పునాదిలో ఒక్క రాయి లాగినట్టు."

ఆయన వెళ్లాక చాలాసేపు ఆలోచించాను. యాదగిరి, అయ్యగారు ఇద్దరూ చెప్పింది ఒకటే! ఒక్క తప్పుంటే మొత్తం చెత్త అని. ఒకాయన అందుకని తప్పే లేదంటున్నాడు. ఇంకొకతను అందుకని చింపమంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఇల్లు కట్టలేదు. నేను ముప్పై ఏళ్లుగా ఇళ్ల కాగితాలు చూస్తున్నాను. తప్పు లేని ప్లాను ఇంతవరకు నా చేతికి రాలేదు. ఎక్కడో తొమ్మిది ఆరవుతుంది, గోడ కొలత గది కొలతలో పడుతుంది. తప్పున్న ప్లాను దొంగ ప్లాను కాదు. దొంగ ప్లానులో లెక్కలన్నీ సరిగ్గా కుదురుతాయి, ఇల్లు మాత్రం ఉండదు. చేత్తో రాసి, దాన్ని చూసి ఇంకొకడు రాసి, దాన్ని చూసి మరొకడు రాసిన కాగితంలో తప్పు రావడం సహజం. రానివాడు మనిషి కాదు. అయితే ఆ కాగితంలో గది ఎక్కడో, తలుపు ఎక్కడో, మనిషి నిలబడేది ఎక్కడో తెలుస్తుంది.

నేను పుస్తకం చింపలేదు. క్యాలెండరు వెనక ఆ పదకొండు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, 'తప్పు' అని రాసి, మళ్లీ మోకాళ్లూనాను. ఏ పిడుగూ పడలేదు.

ఏప్రిల్

అరవై మూడో రోజు. అప్పటికి జ్వరం పోయింది, రెండు కేజీలు పెరిగాను, కొట్టుకు కూడా ఒక పూట పోతున్నాను. అద్దంలో చూసుకుంటే గడ్డ పెద్దదైంది. మూడు రోజుల్లో కోడిగుడ్డంత ఉబ్బింది. పైన చర్మం ఎర్రబడి చీము పట్టింది. నాకు భయం వేసింది, ఆ మాట దాచను. ఇన్ని మాత్రలు మింగి, పెద్దదవడమేంటి?

కబురు తెలిసి అయ్యగారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. నా మెడ చూసి కళ్లు మూసుకున్నారు.

"చూశారా బ్రదర్. జనవరిలోనే చెప్పాను. ఒక కాలు వాక్యం మీద, ఒక కాలు మాత్రల మీద వేస్తే మనిషి నిలబడడు. నలభై రోజులు మాత్రలు ఆపండి. సంఘమంతా ఉపవాసముంటుంది. నేనూ ఉంటాను. నూనె రాసి ప్రార్థన చేస్తాం."

"ఆపితే మొండికేస్తదని సిస్టర్ చెప్పింది అయ్యగారూ."

"సిస్టర్ మాటా, దేవుని మాటా? పదిహేనేళ్లు ఇచ్చింది ఎవరు?"

ఆయన నా కోసం నలభై రోజులు కడుపు మాడ్చుకుంటానన్నారు. అలాంటి మనిషితో ఎట్లా వాదిస్తాం?

మర్నాడు ఉదయం మాత్రల డబ్బా తెరిస్తే ఖాళీ. సుగుణ వంటింట్లో నాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది.

"గోలీలు ఎక్కడున్నయి?"

"లేవు."

"సుగుణా."

"నలభై రోజులే కదా. అయ్యగారు పస్తుంటనన్నడు. నేను సుత ఉంటా." ఇటు తిరిగింది. మొహమంతా ఉబ్బి ఉంది. "ఆ మొదటి వచనం చదివిన కాడికెల్లి నాకు నిద్ర లేదు. నువ్వు లెక్కలు చేస్కుంట కూసున్నవు. పదకొండంటవు, తప్పంటవు, సున్నా చుడతవు. నీ సున్నాలకే గీ గడ్డ ఉబ్బిందేమో!"

నాకు కోపం రావాలి. రాలేదు. జనవరి ఒకటి నుంచి ఆమె ఒక్కతే ఆ చావు వచనంతో కాపురం చేసిందని అప్పుడు తెలిసింది.

ఫిబ్రవరిలో చదివినప్పుడు ఆ అధ్యాయం చివర కంటపడ్డ ఒక మాట గుర్తొచ్చింది. బైబిలు తెచ్చి గ్యాస్ పొయ్యి పక్కన పెట్టాను. "యెషయా ముప్పై ఎనిమిది. మొత్తం చదువు. ఇద్దరం ఒకటీ అయిదూ పట్టుకుని కొట్టుకుంటున్నం. చివరిదాకా చదువుదాం."

ఆమె చెయ్యి తుడుచుకుని చదివింది. చావు కబురు, రాజు ఏడుపు, పదిహేనేళ్లు, గుర్తుగా ఎండ నీడ వెనక్కి పోవడం. తర్వాత రాజు రాసుకున్న పాట. పాట అయిపోయింది, కథ అయిపోయినట్టే అనిపిస్తుంది. దాని కింద ఇంకా రెండు వచనాలున్నాయి. ఇరవై ఒకటో వచనం దగ్గర సుగుణ ఆగిపోయింది. మళ్లీ చదివింది. పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని, అప్పుడు రాజు బాగుపడతాడని యెషయాయే చెప్పినట్టు ఉంది.

"ఇదేంది? మందా?"

"మందే."

"పాటంత అయిపోయినంక చివర్న ఎందుకున్నది ఇది?"

"తర్వాతది సుత చదువు."

ఇరవై రెండో వచనంలో హిజ్కియా, గుర్తు ఏంటి అని అడుగుతాడు. ఆ గుర్తు ఏడూ ఎనిమిదీ వచనాల్లోనే వచ్చేసింది. జవాబు పైన, ప్రశ్న కింద. నేను రాజుల గ్రంథం తీసి చూపించాను. అక్కడ అదే కథలో మందు ఏడో వచనంలో, ఉండాల్సిన చోటే ఉంది. ప్రశ్న దాని కింద, జవాబు ఇంకా కింద.

"మేస్త్రీ చిట్టీ రాస్తడు చూడు," అన్నాను. "పిల్లర్లకు ఇన్ని, బీములకు ఇన్ని, స్లాబుకు ఇన్ని. కింద టోటల్ గీత కొడతడు. అప్పుడు యాదికొస్తది, మెట్లకు రాయలే అని. గీత కింద రాస్తడు, మెట్లకు ఇన్ని అని. ఇదీ గట్లనే."

"దేవుడు మర్చిపోతడా?"

"రాసినోడు మర్చిపోయిండు. యాదికొచ్చినంక, ఇది లేకుంటే కుదరదని కింద రాసిండు."

ఆమె ఆ వచనం మీద వేలు పెట్టి ఉంచింది. "మరి అయ్యగారు ఇది చదవలేదా?"

"చదివే ఉంటడు. పాట దగ్గర ఆపేసి ఉంటడు. తప్పు లేదన్నోడికి చివర్న ఎందుకుందని అడిగే పనే రాదు."

పదిహేనేళ్లు ఇచ్చిన దేవుడే పండ్ల ముద్ద కట్టమన్నాడు. రెండూ ఒకే నోటితో. మందు లేకుండా బాగుచేసే శక్తి ఆయనకు లేదా అని అడిగితే నాకు తెలియదు. కానీ అక్కడ రాసింది అది కాదు. ఆ అధ్యాయంలో నాకు దొరికిన నిజం సరైన చోట లేదు. తప్పు చోట, కింద, ఇరికించి ఉంది. తప్పు చోట ఉన్నందుకే నా కళ్లకు ఆనింది.

సుగుణ లేచి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి మాత్రల అట్టలు తీసింది. వాటికంటిన పొడి పమిట కొంగుతో తుడిచి నాలుగు వలిచింది. అప్పటికి పదకొండు దాటింది. ఆ రోజు ఆలస్యమైంది కానీ తప్పిపోలేదు.

యాదగిరి బండి మీద దవాఖానకు పోయాం. డాక్టరమ్మ మెడ చూసి ఏమీ కంగారు పడలేదు. మందు పనిచేస్తున్నప్పుడు కూడా కొందరికి ఇలా ఉబ్బుతుందని చెప్పింది. సూదితో చీము తీసింది. "గోలీలు ఆపలేదు కదా?" అంది.

"లేదు మేడం" అంది సుగుణ, నాకంటే ముందు.

జూలై, ఆగస్టు

జూలై ఇరవై ఏడున ఆఖరి నాలుగు. గడ్డ ఉన్నచోట వేలి గోరంత మచ్చ మిగిలింది. సిస్టర్ నా కార్డు మీద కోర్సు పూర్తి అని రాసి, "శాబాష్ కాకా" అంది.

జబ్బు నుంచి లేచినవాళ్లు మా చర్చిలో సాక్ష్యం చెప్పాలి. ఆదివారం ఆరాధనలో మైకు ముందు నిలబడి, దేవుడు తనకేం చేశాడో అందరి ముందూ చెప్పడం. నా కోసం ఆగస్టులో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ముందురోజు అయ్యగారు ఇంటికొచ్చారు. సుగుణ చాయ్ ఇచ్చింది.

"ఒక్క మాట బ్రదర్. మందుల ఊసు ఎత్తకండి. మీరు వేసుకున్నారు, సరే, అది మీ ఇష్టం. జనం బలహీనులు. వాళ్ల విశ్వాసం దెబ్బతింటుంది."

"ఆ మాట లేకుండా చెప్తే అది సాక్ష్యం ఎట్ల అయితది అయ్యగారూ?"

"అబద్ధం చెప్పమనలేదు. ఒకటి వదిలేయమంటున్నాను."

"అది వదిలేస్తే కూలుతది."

ఆయన చాయ్ సగంలో పెట్టేసి లేచారు. కోపంగా కాదు, అలసటగా.

ఆదివారం హాలు నిండింది. మగవాళ్లం ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. అయ్యగారు నన్ను పిలుస్తూ, మాత్రలు చేయలేనిది ప్రార్థన చేసిందని మైకులో అన్నారు. హల్లెలూయా అన్నారంతా. నేను మైకు తీసుకున్నాను.

"అందరికీ వందనాలు. అయ్యగారు ప్రార్థన చేసిన్రు. మీరందరు చేసిన్రు. నా కోసం పస్తులున్నోళ్లున్నరు. మీ రుణం తీరేది కాదు. దాంతో పాటు నేను టీబీ గోలీలు మింగిన. రోజూ మింగిన. యెషయా ముప్పై ఎనిమిది తీయుండ్రి. పాట దగ్గర ఆగొద్దు, కింద ఇరవై ఒకటి..."

అయ్యగారు కీబోర్డు వాయించే అబ్బాయి వైపు చెయ్యి ఊపారు. పాట మొదలైంది. మైకులో నా గొంతు పోయింది, ఎవరో తీగ పీకారు. జనం సగం మంది లేచి చప్పట్లు కొడుతూ పాట అందుకున్నారు. సగం మంది నన్నే చూస్తున్నారు. నేను మైకు కింద పెట్టలేదు, కదలలేదు. పాట అయిపోయేదాకా అక్కడే నిలబడతానని అనుకున్నాను. రెండో పాట ఎత్తుకుంటే రెండోది అయ్యేదాకా.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి సుగుణ లేచింది. సంఘంలో ఆమె ఎప్పుడూ గొంతెత్తింది లేదు. కొంగు భుజం మీదికి లాక్కుని నడవలోకి వచ్చింది.

"అయ్యగారూ, పాట జెర ఆపుండ్రి."

ఆగలేదు. ఆమె ఇంకా గట్టిగా అంది. కీబోర్డు అబ్బాయి వేళ్లు తీసేశాడు.

"నా పెనిమిటి సాక్ష్యం కాలేదు. నేను చెప్తా." ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఆయనకు గోలీలు ఇచ్చింది నేనే. పొద్దున్నే, నాలుగు. ఒకనాడు భయపడి దాచిపెట్టిన. దేవుని పేరు మీదనే దాచిన. అది పాపం. ఆయన నన్ను తిట్టలే, వాక్యం చదివిపించిండు. మందు సుత దేవుడే చెప్పిండని ఆడ రాసి ఉన్నది, నా వేలు పెట్టి చదివిన. ఇండ్లల్ల ఎవరికన్న దగ్గుంటే, గడ్డలుంటే, ప్రార్థన చేయుండ్రి, దవాఖానకు పోండ్రి. గోలీలు మాత్రం ఆపకుండ్రి. మేం రెండు వందల రోజులు మింగినం. ఒక్కనాడు తప్పలే. దేవుడు బాగుచేసిండు."

అయ్యగారు తల వంచుకుని ఉన్నారు.

రెండు వందలు కాదు. నూట అరవై ఎనిమిది. ఇరవై నాలుగు వారాలు, వారానికి ఏడు. ఆ అంకె నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆమెన్" అన్నాను.